ఎత్తుగడను చదివే విద్య: అమెరికన్ ఫుట్‌బాల్‌లో లైన్‌బ్యాకర్ శిక్షణ

అమెరికన్ ఫుట్‌బాల్‌లో రక్షణ జట్టు ముందు వరుసకు కొంచెం వెనక, బంతికి నాలుగైదు గజాల దూరంలో మోకాళ్లు వంచి నిలబడే ఆటగాడు లైన్‌బ్యాకర్. బంతి కదిలిన క్షణంలో అతను మూడు సంగతులు తేల్చుకోవాలి. వస్తున్నది పరుగా, పాసా? పరుగైతే ఏ సందులోంచి? పాసైతే తను ఎటు వెళ్లాలి? ఆలోచించుకోవడానికి అతనికి నిండా ఒక సెకను కూడా ఉండదు. ముందుకు దూకాల్సిన చోట వెనక్కి అడుగేస్తే ఎదుటి జట్టు ఐదారు గజాలు లాగేస్తుంది. వెనక్కి తగ్గాల్సిన చోట ముందుకు దూకితే, అతను ఖాళీ చేసిన చోటే పాస్ వచ్చి పడుతుంది.

మంచి లైన్‌బ్యాకర్‌ను చూసినవాళ్లు అతనికి ఆట ముందే తెలిసిపోతుందని, అది పుట్టుకతో వచ్చిన వరమని అంటుంటారు. కోచ్‌ల అనుభవం మరోలా చెబుతుంది. వేగం, బలం చాలావరకు పుట్టుకతో వస్తాయి; ఎత్తుగడను చదవడం మాత్రం నేర్పితే వస్తుంది. కన్ను ఎక్కడ నిలపాలి, చూసినదానికి పాదం ఎలా కదలాలి అన్నది ఏళ్ల తరబడి నేర్పే పద్ధతి ఒకటి అమెరికా హైస్కూళ్లలో, కాలేజీల్లో, వృత్తి జట్లలో స్థిరపడింది.

మైదానం, స్థానం, బాధ్యత

ఆటలో ఒక్కో పక్షానికి 11 మంది. గోల్ గీతల మధ్య మైదానం పొడవు 100 గజాలు, వెడల్పు 53 గజాల పైచిలుకు. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో కనీసం 10 గజాలు ముందుకు సాగాలి. సెంటర్ బంతిని కాళ్ల మధ్య నుంచి వెనక్కి అందించడంతో ప్రతి ప్రయత్నం మొదలవుతుంది. దాన్ని స్నాప్ అంటారు. సెంటర్‌కు అటూ ఇటూ ఇద్దరు గార్డులు, వాళ్లకు అవతల ఇద్దరు టాకిళ్లు. ఈ ఐదుగురి భారీ గోడ వెనక క్వార్టర్‌బ్యాక్, పరుగెత్తే ఆటగాడైన రన్నింగ్ బ్యాక్ ఉంటారు.

రక్షణ జట్టు అమరికను అంకెలతో చెబుతారు. 4-3 అంటే ముందు వరుసలో నలుగురు, వెనక ముగ్గురు లైన్‌బ్యాకర్లు. 3-4లో ముందు ముగ్గురు, వెనక నలుగురు. పాస్‌లు పెరిగిన ఈ రోజుల్లో ఎక్కువసేపు ఇద్దరు లైన్‌బ్యాకర్లే మైదానంలో ఉంటున్నారు. మూడోవాడి చోటు వేగంగా పరుగెత్తే డిఫెన్సివ్ బ్యాక్ తీసుకుంటున్నాడు. 4-3లో మధ్యలో ఉండేవాణ్ని మైక్ అనీ, ఎదుటి జట్టు బలగం ఎక్కువున్న వైపువాణ్ని శామ్ అనీ, తక్కువున్న వైపువాణ్ని విల్ అనీ పిలుస్తారు.

గోడలోని ఆటగాళ్ల మధ్య సందులకు కూడా పేర్లున్నాయి. సెంటర్‌కు, గార్డుకు మధ్యది ఎ-గ్యాప్. గార్డుకు, టాకిల్‌కు మధ్యది బి-గ్యాప్. ఆ తర్వాత సి, డి. ప్రతి ఎత్తుగడలో ప్రతి సందుకూ ఒక కాపలాదారు ఉండాలి. లైన్‌బ్యాకర్ తన సందు ఏదో స్నాప్‌కు ముందే తెలుసుకుని ఉండాలి. ఒక్కడు తన చోటు వదిలితే మిగతా పదిమంది పని వృథా అయిపోతుంది.

1950ల్లో మొదలైన మార్పు

వృత్తి ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్ 1950లో ఆటగాళ్లను ఎన్నిసార్లయినా మార్చుకునే వీలు శాశ్వతంగా కల్పించింది. దాంతో రక్షణకే అంకితమైన ఆటగాళ్లు తయారయ్యారు. అప్పటికి రక్షణ వరుస మధ్యలో, సెంటర్‌కు ఎదురుగా మిడిల్ గార్డ్ అనే ఆటగాడు నేలకు వంగి ఉండేవాడు. షికాగో బేర్స్ ఆటగాడు బిల్ జార్జ్ 1954లో ఫిలడెల్ఫియా ఈగిల్స్‌తో ఆడుతూ ఆ చోటు నుంచి లేచి వెనక్కి జరిగాడనీ, తన తల మీదుగా పోతున్న చిన్న పాస్‌లను ఆపడానికే అలా చేశాడనీ చెబుతారు. మిడిల్ లైన్‌బ్యాకర్ స్థానం పుట్టుకను చాలామంది ఆ ఆటతోనే లెక్కిస్తారు.

ఆ స్థానానికి పాఠ్యక్రమం సమకూర్చినవాడు టామ్ లాండ్రీ. పారిశ్రామిక ఇంజనీరింగ్ చదివిన లాండ్రీ 1950ల్లో న్యూయార్క్ జెయింట్స్ రక్షణ విభాగాన్ని నడిపాడు. బంతి ఎటు పోతే అటు పదకొండుమందీ పరుగెత్తడం కాకుండా, ఒక్కొక్కరు ఒక్కో ఆనవాలు చూసి ఒక్కో సందు కాయాలన్నది అతని సిద్ధాంతం. 4-3 అమరికను తీర్చిదిద్ది, దాని మధ్యలో 1956లో జట్టులో చేరిన శామ్ హఫ్‌ను నిలబెట్టాడు. ఆ ఏడాదే జెయింట్స్ ఛాంపియన్లయ్యారు. 1959 నవంబరులో టైమ్ పత్రిక హఫ్ బొమ్మను ముఖచిత్రంగా వేసింది. మరుసటి ఏడాది సీబీఎస్ టెలివిజన్ అతని దుస్తుల్లో మైకు అమర్చి డాక్యుమెంటరీ తీసింది. రక్షణ ఆటగాడికి కూడా అభిమానులు ఉంటారని అమెరికాకు తెలిసింది అప్పుడే.

దీనికి సమాంతరంగా తరగతి గది కూడా ఆటలోకి వచ్చింది. 1946లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టును మొదలుపెట్టిన పాల్ బ్రౌన్ ఆటగాళ్ల చేత నోట్సు రాయించాడు, పరీక్షలు పెట్టాడు, ఆట ఫిల్ములు వేసి ఒక్కొక్కరికీ మార్కులు వేశాడు. నేటి లైన్‌బ్యాకర్ శిక్షణకు లాండ్రీ ఇచ్చినది సిద్ధాంతం, బ్రౌన్ ఇచ్చినది బడి.

గార్డును ఎందుకు చూడాలి

కొత్తగా వచ్చిన కుర్రాడి కళ్లు సహజంగానే బంతి మీదికి, క్వార్టర్‌బ్యాక్ మీదికి పోతాయి. ఆ అలవాటు మాన్పించడంతోనే శిక్షణ మొదలవుతుంది. క్వార్టర్‌బ్యాక్ చేతులు అబద్ధం చెప్పగలవు. బంతి ఇచ్చినట్టు నటించి ఇవ్వకపోవడం అతని వృత్తిలో భాగం. గార్డుకు అంత స్వేచ్ఛ లేదు. నిబంధనల ప్రకారం గోడలోని ఐదుగురు పాస్ అందుకోకూడదు, పాస్ గాల్లోకి లేచేలోగా ముందుకు దూసుకుపోకూడదు. ఎన్ఎఫ్ఎల్‌లో ఒక గజం, కాలేజీ ఆటలో మూడు గజాలు దాటితే శిక్ష పడుతుంది. పాస్ అయితే వాళ్లు వెనక్కి తగ్గి క్వార్టర్‌బ్యాక్‌కు రక్షణ కల్పించాలి. పరుగైతే ముందుకు తోసి దారి చేయాలి. ఒకే శరీరం రెండు పనులూ ఒకేసారి చేయలేదు కనుక, గార్డు తొలి కదలిక మిగతావాళ్ల కదలికలకన్నా నమ్మదగింది.

క్రికెట్‌లో గూగ్లీని పోల్చుకోవాలనుకునే బ్యాటర్ గాల్లో తిరుగుతున్న బంతికన్నా ముందు బౌలర్ మణికట్టును చూస్తాడు. లైన్‌బ్యాకర్‌కు గార్డు అలాంటి మణికట్టు. కోచ్‌లు ఈ ఆనవాలును ‘కీ’ అంటారు.

మొదటి ఆనవాలు శిరస్త్రాణం ఎత్తు. స్నాప్ కాగానే గార్డు హెల్మెట్ పైకి లేచి, రొమ్ము నిటారైతే పాస్. హెల్మెట్ కిందికి వంగి ముందుకు వస్తే పరుగు. హైస్కూలు పిల్లలకు తొలి వారాల్లో ఈ రెండింటికి మించి చెప్పకపోవడమే మేలు.

తర్వాతి మెట్టులో పరుగులోని రకాలు. గార్డు నేరుగా మీదికొస్తే లైన్‌బ్యాకర్ కూడా ఎదురెళ్లి, రెండు చేతులతో అతన్ని తాకి, తన సందును వదలకుండా నిలవాలి. గార్డు పక్కకు సాగుతూ అడుగేస్తే గోడ మొత్తం ఒకవైపు జరుగుతోందన్నమాట. లైన్‌బ్యాకర్ భుజాలు తిప్పకుండా సమాంతరంగా జరగాలి. గార్డు లోపలికి, సెంటర్ వైపు తిరిగి వేరొకరిని అడ్డుకుంటే అనుమానించాలి. తనను వదిలేశారంటే తనను కొట్టడానికి ఇంకెవరో వస్తున్నారు. గార్డు చోటు వదిలి గోడ వెనకగా పక్కకు పరుగెత్తితే, చాలాసార్లు బంతి కూడా అతని వెంటే వస్తుంది.

ఇలా గార్డు చోటు వదిలి పరుగెత్తడాన్ని పుల్లింగ్ అంటారు. 1960ల్లో విన్స్ లొంబార్డీ నడిపిన గ్రీన్ బే ప్యాకర్స్ ప్రసిద్ధ ఎత్తుగడ ‘స్వీప్’ దీని మీదే నిలిచింది. జెర్రీ క్రేమర్, ఫజీ థర్‌స్టన్ అనే ఇద్దరు గార్డులు పక్కకు పరుగెత్తి, వెనక వచ్చే రన్నింగ్ బ్యాక్‌కు దారి తెరిచేవారు. ఏం రాబోతోందో ఎదుటి జట్లకు తెలుసు. అయినా ఆపడం కష్టమయ్యేది. చదవడం వచ్చినంత మాత్రాన సరిపోదు, చదివినదానికి పాదం వెంటనే స్పందించాలి అనడానికి కోచ్‌లు ఇప్పటికీ ఆ ఫిల్ములు చూపిస్తారు.

అనుభవం పెరిగేకొద్దీ చూపు విస్తరిస్తుంది. గార్డు నుంచి అతని వెనకున్న రన్నింగ్ బ్యాక్ వరకు ఒక త్రికోణంలో చూడటం నేర్పుతారు. ఇద్దరూ ఒకవైపే వెళితే లైన్‌బ్యాకర్ నిస్సందేహంగా అటు కదలొచ్చు. ఇద్దరూ చెరోవైపు వెళితే అది ‘కౌంటర్’ రకం మోసం కావచ్చు. అప్పుడు గార్డునే నమ్మాలి.

స్నాప్‌కు ముందు చదవాల్సినవి

పఠనం స్నాప్‌తో మొదలవదు. ఎన్నో ప్రయత్నం, ఇంకా ఎన్ని గజాలు కావాలి, బంతి మైదానంలో ఏ పక్కన ఉంది, గడియారంలో ఎంత సమయం మిగిలింది — ఇవన్నీ అవకాశాలను కుదిస్తాయి. మూడో ప్రయత్నంలో ఇంకా పన్నెండు గజాలు కావాలంటే పాస్ వచ్చే అవకాశం ఎక్కువ. ఒక్క గజమే కావాలంటే పరుగును ముందు అనుమానించాలి. ఎదుటి జట్టు ఎంతమంది రన్నింగ్ బ్యాక్‌లను, గోడ చివర నిలిచి అడ్డుకోవడం, పాస్ అందుకోవడం రెండూ చేసే టైట్ ఎండ్‌లను ఎంతమందిని దించిందో చూసి దాని ఉద్దేశాన్ని అంచనా వేస్తారు.

శరీరాలు కూడా మాట్లాడతాయి. చేతిని నేలకానించి కూర్చున్న గార్డు ముందుకు దూకాలనుకుంటే బరువంతా వేళ్ల మీద వేస్తాడు. వేలి కణుపులు తెల్లబడతాయి. వెనక్కి లేవాలనుకుంటే బరువు మడమల మీదికి పోతుంది, చేయి నేలను ఊరికే తాకుతుంది. తను అడ్డుకోబోయే మనిషి వైపు కుర్ర గార్డు ఒక్క క్షణం ఓరగా చూస్తాడు. వీటిని గమనించడం నేర్పే కోచ్, వాటిని నమ్మి తొందరపడొద్దని కూడా నేర్పాలి. అనుభవజ్ఞుడైన గార్డు కావాలనే తప్పుడు సూచన ఇవ్వగలడు.

చెత్తడబ్బాల నుంచి వీడియో దాకా

ఈ శిక్షణకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఐదు ప్లాస్టిక్ చెత్తడబ్బాలు వరుసగా పెడితే అదే ఎదుటి జట్టు గోడ. గార్డుల చోట ఇద్దరు కుర్రాళ్లను నిలబెడతారు. కోచ్ లైన్‌బ్యాకర్ల వెనక నిలబడి, వాళ్లకు కనబడకుండా వేలితో సైగ చేస్తాడు లేదా కార్డు మీద గీసిన బొమ్మ చూపిస్తాడు. ఈల మోగగానే గార్డులు కదులుతారు. లైన్‌బ్యాకర్లు రెండే అడుగులు వేసి బిగుసుకుపోవాలి. కోచ్ ముందుకొచ్చి ఒక్కొక్కరి పాదాలు చూస్తాడు. మొదటి అడుగు సరైన వైపు పడిందా? బరువు వెనక్కి పోయిందా? కళ్లు గార్డు మీదే ఉన్నాయా, బంతి కోసం వెతికాయా? ఎవరూ ఎవర్నీ ఢీకొనరు. పది నిమిషాల్లో పదుల సార్లు పునరావృతం చేయొచ్చు. మొదటి అడుగు చిన్నదిగా, అరడుగుకు మించకుండా ఉండాలని ఎక్కువమంది కోచ్‌లు కోరతారు. తప్పుగా చదివినా సరిదిద్దుకునే వీలుంటుంది.

తర్వాత సగం గోడతో సాధన, ఆపై తొమ్మిదిమందికి ఏడుగురు ఎదురుగా నిలిచే పరుగు సాధన, చివరికి పూర్తి జట్టుతో సాధన. ఆ వారం ఎదురుపడే ప్రత్యర్థి ఎత్తుగడలను సొంత జట్టులోని రెండో వరుస ఆటగాళ్లు అనుకరించి చూపిస్తారు. వీళ్లను స్కౌట్ టీమ్ అంటారు.

మిగతా సగం పాఠం తెర ముందు జరుగుతుంది. స్నాప్ అయిన మరుక్షణంలో వీడియో ఆపి, ‘ఇప్పుడేం వస్తుంది?’ అని అడగడం అందరూ వాడే పద్ధతి. జవాబు చెప్పాక ఫిల్మును ముందుకు నడిపిస్తారు. ఈ పద్ధతికి శాస్త్రీయ ఆధారం కూడా ఉంది. చదరంగం మీద విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ 1973లో ప్రచురించిన పరిశోధనలో, నిపుణులు నిజమైన ఆట నుంచి తీసిన స్థితిని కొద్ది సెకన్లు చూసి తిరిగి అమర్చగలిగారు. పావుల్ని ఇష్టమొచ్చినట్టు చెల్లాచెదురు చేసి చూపిస్తే వాళ్ల ఆధిక్యం చాలావరకు పోయింది. నైపుణ్యం సాధారణ జ్ఞాపకశక్తిలో లేదు. పరిచిత నమూనాల నిల్వలో ఉంది. లైన్‌బ్యాకర్ వందల గంటల ఫిల్ము చూసి పోగుచేసేది కూడా ఆ నిల్వనే. 2006లో నెబ్రాస్కాలో పుట్టిన హడల్ లాంటి వీడియో సేవలు వచ్చాక చిన్న ఊరి హైస్కూలు కుర్రాడు కూడా ఇంట్లో కూర్చుని ప్రత్యర్థి ఆటలు చూడగలుగుతున్నాడు.

పన్నెండు సెకన్ల పాఠం

చదవడం నేర్పితే ఏం జరుగుతుందో 1984 జనవరి 22న జరిగిన 18వ సూపర్ బౌల్, అంటే ఎన్ఎఫ్ఎల్ ఫైనల్, చూపించింది. లాస్ ఏంజెలిస్ రైడర్స్, వాషింగ్టన్ జట్లు తలపడ్డాయి. అంతకుముందు అక్టోబరులో ఇవే జట్లు ఆడినప్పుడు వాషింగ్టన్ ఒక స్క్రీన్ పాస్‌తో 67 గజాలు సాధించింది. ముందుకొచ్చే రక్షకులను రానిచ్చి, వాళ్ల తలల మీదుగా రన్నింగ్ బ్యాక్‌కు చిన్నగా బంతి విసరడం స్క్రీన్ పాస్.

సూపర్ బౌల్ తొలి అర్ధభాగంలో 12 సెకన్లు మిగిలాయి. బంతి వాషింగ్టన్ దగ్గర, సొంత గోల్ గీతకు 12 గజాల దూరంలో ఉంది. రైడర్స్ కోచ్ చార్లీ సమ్నర్‌కు అక్టోబరు నాటి పాస్ గుర్తొచ్చింది. చివరి క్షణంలో జాక్ స్క్వైరెక్ అనే లైన్‌బ్యాకర్‌ను మైదానంలోకి పంపి, రన్నింగ్ బ్యాక్ జో వాషింగ్టన్‌ను వదలొద్దన్నాడు. క్వార్టర్‌బ్యాక్ జో థీస్‌మన్ సరిగ్గా ఆ పాసే విసిరాడు. స్క్వైరెక్ మధ్యలో అందుకుని ఐదు గజాలు పరుగెత్తి, గోల్ గీత దాటి టచ్‌డౌన్ చేశాడు. స్కోరు 21-3 అయింది. రైడర్స్ 38-9తో గెలిచారు. అక్టోబరులో చూసిన నమూనా, దాన్ని సమయానికి గుర్తుచేసుకున్న కోచ్, చెప్పింది చెప్పినట్టు చేసిన ఆటగాడు: మూడూ కలిసినందుకే ఆ టచ్‌డౌన్ వచ్చింది.

పాఠకుణ్ని బోల్తా కొట్టించే ఎత్తుగడలు

లైన్‌బ్యాకర్లు చదవడం నేర్చుకుంటే, దాడి కోచ్‌లు వాళ్ల చదువునే ఆయుధంగా మార్చారు. ప్లే-యాక్షన్‌లో గోడ తల వంచి పరుగులా మొదలవుతుంది, బంతి ఇచ్చినట్టు నటించి పాస్ విసురుతారు. డ్రా ఎత్తుగడలో గోడ పాస్‌లా లేస్తుంది, ఆలస్యంగా బంతి రన్నింగ్ బ్యాక్‌కు అందుతుంది.

అన్నిటికన్నా గట్టి సవాలు ఆర్‌పీఓ (రన్-పాస్ ఆప్షన్). ఇందులో గోడ నిజంగానే పరుగు కోసం తోస్తుంది. బంతి ఇవ్వాలా, పాస్ విసరాలా అన్నది క్వార్టర్‌బ్యాక్ స్నాప్ తర్వాత ఒక రక్షకుణ్ని చూసి నిర్ణయిస్తాడు. చాలాసార్లు ఆ రక్షకుడు లైన్‌బ్యాకరే. అతను గార్డును నమ్మి ముందుకు వస్తే పాస్, వెనక నిలిస్తే పరుగు. గార్డు అబద్ధం చెప్పడం లేదు. అయినా లైన్‌బ్యాకర్ ఓడిపోతాడు. 2018 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచిన ఫిలడెల్ఫియా ఈగిల్స్ ఆ సీజన్‌లో దీన్ని విరివిగా వాడారు. దీనికి కోచ్‌లు కనిపెట్టిన విరుగుడు లైన్‌బ్యాకర్‌కు ఒకే పని అప్పగించడం. అతనికి పరుగు ఇస్తే, అతని వెనక ఖాళీని రక్షణలో అందరికన్నా వెనక నిలిచే సేఫ్టీ కాస్తాడు. రెండు పనులూ ఒకడి మీద పెట్టి, అతని తెలివిని తప్పుపట్టడం బోధన అనిపించుకోదు.

ఆకుపచ్చ చుక్క

చదివింది తోటివాళ్లకు చేరవేయడం కూడా లైన్‌బ్యాకర్ పనే. 2008 నుంచి ఎన్ఎఫ్ఎల్‌లో ఒక రక్షణ ఆటగాడి హెల్మెట్‌లో కోచ్ మాటలు వినిపించే స్పీకర్ ఉంటోంది. ఆ హెల్మెట్ వెనక ఆకుపచ్చ చుక్క అతికిస్తారు. ఎక్కువ జట్లలో అది మిడిల్ లైన్‌బ్యాకర్‌దే. స్నాప్‌కు గడువు చూపే గడియారంలో 15 సెకన్లు మిగలగానే ఆ మాట తెగిపోతుంది. అక్కడి నుంచి అతనే కోచ్.

ఈ పనిలో ఈ తరంలో అందరూ చెప్పే పేరు ల్యూక్ కీక్లీ. కరోలినా పాంథర్స్ తరఫున 2012 నుంచి 2019 సీజన్ దాకా ఆడాడు. రెండో ఏడాదికే, 2013లో, లీగ్‌లో అత్యుత్తమ రక్షణ ఆటగాడయ్యాడు. స్నాప్‌కు ముందే రాబోయే ఎత్తుగడను తోటివాళ్లకు అరిచి చెప్పడం అతని ప్రత్యేకత. దాని వెనక ఉన్నది గంటల కొద్దీ ఫిల్ము పరిశీలన. మయామీ డాల్ఫిన్స్ ఆటగాడు జాక్ థామస్ ఆరడుగుల ఎత్తు కూడా లేడు, 1996లో జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఐదో రౌండులో గానీ ఎంపిక కాలేదు. ఫిల్ము చదువుతో ఆ లోటు పూడ్చుకుని 2023లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరాడు.

తలకు దెబ్బ, శిక్షణకు మార్పు

ఈ స్థానంలో తలకు తగిలే దెబ్బలు తీవ్రమైనవి. శాన్ డియెగో ఛార్జర్స్ ప్రసిద్ధ లైన్‌బ్యాకర్ జూనియర్ సియావ్ 2012లో మరణించాక, పదేపదే తగిలే దెబ్బల వల్ల వచ్చే సీటీఈ అనే మెదడు వ్యాధి అతనిలో బయటపడింది. ఆడుతూ పలుమార్లు తలకు దెబ్బలు తిన్న కీక్లీ 28 ఏళ్లకే, 2020 జనవరిలో ఆట వదిలేశాడు.

అప్పటికే సాధన పద్ధతులు మారడం మొదలైంది. డార్ట్‌మౌత్ కాలేజీ కోచ్ బడ్డీ టీవెన్స్ 2010లో సాధనలో ఆటగాళ్లు ఒకరినొకరు పడగొట్టడాన్ని నిలిపివేశాడు. తర్వాత అదే కాలేజీలో దూరం నుంచి నడిపే కదిలే బొమ్మను తయారుచేశారు. 2011లో ఎన్ఎఫ్ఎల్ యాజమాన్యాలకు, ఆటగాళ్లకు కుదిరిన ఒప్పందం సీజన్‌లో రక్షణ కవచాలతో చేసే సాధనను 14 సార్లకు పరిమితం చేసింది. ఢీకొనే సమయం తగ్గేకొద్దీ చెత్తడబ్బాలు, కార్డులు, వీడియోల విలువ పెరిగింది. సరిగా చదివిన ఆటగాడు సరైన కోణంలో, అదుపులో ఉండి ఢీకొంటాడు. ఆలస్యంగా తెలుసుకున్నవాడు తల ముందుకు పెట్టి దూకుతాడు. అందుకే చదవడం నేర్పడాన్ని ఆటగాడి క్షేమంలో భాగంగా కూడా చూడాలి.

భారతీయ సంబంధాలు

ఈ స్థానంలో వృత్తి స్థాయికి ఎదిగిన భారతీయ మూలాల ఆటగాడు బ్రాండన్ చిల్లర్. తండ్రి వైపు భారతీయ వారసత్వమున్న అతను 2004లో సెయింట్ లూయిస్ రామ్స్‌లో చేరి, తర్వాత గ్రీన్ బే ప్యాకర్స్‌కు ఆడాడు. 2012లో తొలి సీజన్ జరిపిన ఎలైట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియాకు మద్దతుదారుల్లో అతనూ ఒకడు. ఆ లీగ్ జట్లలో హైదరాబాద్ స్కైకింగ్స్ కూడా ఉండేది. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ డాలస్ పరిసరాల్లో హైస్కూలు ఫుట్‌బాల్ శుక్రవారం రాత్రుల పండగ. అక్కడి తెలుగు పిల్లలు ఈ ఆటను బడి నుంచే ఎరుగుదురు.

2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో క్రికెట్‌తో పాటు ఫ్లాగ్ ఫుట్‌బాల్‌కు కూడా చోటు దక్కింది. జట్టుకు ఐదుగురు ఆడే ఆ రూపంలో గార్డులు ఉండరు, ఎవర్నీ పడగొట్టరు. ప్రత్యర్థి నడుముకున్న జెండా లాగితే చాలు. అక్కడ రక్షకులు పరుగెత్తేవాడి నడుమును, క్వార్టర్‌బ్యాక్ భుజాన్ని చూసి ఎత్తుగడను చదువుతారు.